ఆయన కూల్చిన విమానం నా పేరున ఉంది

మా కింది ఫ్లాట్ పెద్దాయన పోయిన మంగళవారం చనిపోయారు. ఆ కబురు నేనే మా ఆట గ్రూపులో పెట్టాను. కాసేపటికి మా కెప్టెన్ జవాబిచ్చాడు: "అయ్యో పాపం. ఒక్క విమానమైనా కూల్చకుండానే పోయాడు." కింద ముగ్గురు దండం బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకు చెబుతాను. కంప్యూటర్ ముందు జాయ్‌స్టిక్ పట్టుకుని యుద్ధవిమానం నడుపుతూ, ఆన్‌లైన్‌లో ఇంకో జట్టుతో తలపడే ఆట అది. మా జట్టంతా గచ్చిబౌలి చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. పెద్దాయన ఒక్కరే బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఓ ఆదివారం మా ఇంట్లో నా ఆట చూసి, "జర నన్ను కూసోనియ్యి బిడ్డా" అని మొదలుపెట్టారు. నెల తిరక్కుండా నన్ను మించిపోయి, నా పాత కంప్యూటర్ మీద మా జట్టులో చేరారు. జాయ్‌స్టిక్ ముట్టుకునే ముందు దాన్ని పాత బనీను గుడ్డతో తుడవాల్సిందే.

ఆయన తూటాలు కాల్చేవారు కాదు. శత్రువు వెనక చేరి, పక్కకు తిరగనివ్వకుండా కిందికి కిందికి తోలుకుపోయేవారు. అవతలివాడు కంగారుపడి ఏ కొండకో గుద్దుకునేవాడు. "గుండ్లెందుకు ఖరాబ్ చేసుడు? ఆడే పడ్తడు" అనేవారు. కానీ ఆట లెక్క వేరు. కూలిన విమానానికి చివరగా ఎవరి తూటా తగిలి ఉంటే అది వాళ్ల పేరున పడుతుంది. ఎవరిదీ తగలకపోతే ఎవరికీ లేదు. అందుకే ఆయన పేరు పక్కన ఎప్పుడూ సున్నానే.

ఆయన పుట్టింది ఖాజాగూడలో. చిన్నప్పుడు చెరువులో ఒకరు నీళ్లు కొట్టి చేపల్ని తోలితే, ఇంకొకరు వల పట్టేవారట. "నీళ్లు కొట్టినోనికి, వల పట్టినోనికి సమానంగ పాలు. గది మా ఊరి న్యాయం" అని నవ్వేవారు. మా కెప్టెన్ తలకు ఆ న్యాయం ఎక్కలేదు. అంకె తప్ప మనిషి కనపడని బాపతు. ఆఫీసులోనూ మేనేజరే మరి.

పోయిన వేసవి పోటీలో చివరి విమానాన్ని పెద్దాయన ఐదు నిమిషాలు తరిమి కొండకు కొట్టించారు. అంతకుముందు దూరం నుంచి నేను గుడ్డిగా కాల్చిన ఒక్క తూటా దాని రెక్కకు తగిలిందట. తెర మీద నా పేరు వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ వారమే, సున్నా స్కోరు వాళ్లు వద్దంటూ కెప్టెన్ ఆయన్ని జట్టులోంచి తీసేశాడు. నేను నోరు విప్పలేదు. మెప్పు తియ్యగా ఉండింది, అంతే. సిగ్గులేని పని. తర్వాత మెట్ల మీద ఎదురైతే ఆయనే, "ఫికర్ చెయ్యకు బిడ్డా. పడ్డది గద, సాలు" అన్నారు. తిట్టినా బాగుండేది.

నిన్న ఆ పోటీలో జరిగిందంతా గ్రూపులో రాశాను. "ఇప్పుడెందుకులే, స్కోరు మారదు" అన్నాడు కెప్టెన్. నోటికొచ్చింది రాసి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఆ పోటీ రికార్డింగ్ ఉన్న లాప్‌టాప్ తీసుకుని కిందికి దిగాను.

"ఈ విమానం నడిపింది అంకులే, ఆంటీ" అని ఆయన భార్యకు చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకున్నారు. కొండ మీద పొగ లేచింది. తెర మీద పడిన ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగారు.

"గిది నీ పేరు గద బిడ్డా. మరి ఆయన పేరేది?"

రికార్డింగ్ ఆగలేదు. ఆ పొగ మీదుగా ఆయన విమానం ఒక చుట్టు తిరిగి, ఒక్క తూటా కాల్చకుండానే, నింపాదిగా వెనక్కి మళ్లింది.