వాగులో పలచబడిన ఇసుక

మాది సిరవార దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబం. నేను పీయూసీ, అంటే ఇంటర్, చదివే రోజుల్లో ఒక ఉదయం, పొలానికి అడ్డదారి కదా అని నాన్న ట్రాక్టరును వాగులోకి దింపారు. వెనక ట్రాలీలో ఎరువు బస్తాల మీద నేను, మా పొలంలో నాట్లు వేసే ఒక పెద్దామె కూర్చున్నాం. వాగులో నీళ్లు లేవు. తడి ఇసుక చదునుగా, గట్టిగా కనబడింది.

నడివాగులో దారి చూద్దామని నాన్న ఇంజను ఆపకుండానే దిగారు. చూస్తుండగానే వెనక చక్రాలు ఇసుకలోకి కుంగసాగాయి. ఆయన ఎక్కి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంకా త్వరగా కుంగాయి.

"అయ్యా, ఇంజన్ బంద్ జేయుండ్రి!" అని పెద్దామె అరిచింది. "అదిరినకొద్ది ఇసుక పలచనైతది."

"ఆపితే బయటికెలా వస్తుందమ్మా?"

"ముందుగాల ఆపుండ్రి!"

ఆపారు. కుంగడం ఆగింది. కాసేపటికి చక్రాల చుట్టూ ఇసుకలోంచి నీళ్లు ఊరి పైకొచ్చాయి. నాకు ఆశ్చర్యమేసింది. దిగి, పక్కనే గబగబా తొక్కాను. ఇసుక జావలా కదిలి, చీలమండల దాకా దిగబడ్డాను. తొక్కడం ఆపగానే అదే ఇసుక కాళ్లను పట్టేసింది. పెద్దామె చెయ్యందిస్తే బయటపడ్డాను.

"నీకెలా తెలుసు పెద్దమ్మా?"

"చిన్నప్పుడు తాగే నీళ్లకని ఇసుకల చెలిమె తోడుతుంటిమి. ఒడ్డున ఎగిరితె చెలిమె కూలిపోతుండె. మా అవ్వ తిడుతుండె."

బస్తాలు దించి, చక్రాల ముందు తవ్వి గడ్డి వేశాక, పక్క పొలం ట్రాక్టరు గొలుసుతో లాగితే మధ్యాహ్నానికి గట్టెక్కాం.

ఇంటికొచ్చాక బకెట్‌లో నీళ్లు పోసి, ఇసుక మెల్లగా జారవిడిచాను. ఇసుక కప్పేదాకా అడుగున అదిమిపట్టిన ప్లాస్టిక్ బంతి, పైన ఇటుక. పక్కనుంచి రోకలితో తట్టాను. ఇటుక మునిగింది, బంతి పైకి తేలింది. ఇసుక రేణువులు ఒకదానికొకటి ఆనుకుని బరువు మోస్తాయి. అదిరితే దగ్గరగా సర్దుకోబోతాయి. మధ్యనున్న నీళ్లు అంత త్వరగా తప్పుకోలేవు. బరువంతా నీళ్ల మీద పడి, రేణువుల పట్టు వదిలిపోతుంది. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను.

నాన్న బకెట్ పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఏదీ, మళ్లీ కొట్టు."

ఇటుకను తీసి పైన పెట్టి మళ్లీ కొట్టాను. ఈసారి కదల్లేదు. ఎంత కొట్టినా అంతే.

"ఇసుక సర్దుకుపోయినట్టుందే," అంటూ నాన్న చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా బకెట్‌లో ముంచి ఇసుకంతా మళ్లీ వదులయ్యేలా కలపడం మొదలుపెట్టారు.