నలుసుల గడి

ఎలుకల గదిలో తూకం వేసే ఆవిడను అందరూ తూకమక్క అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా కనబడేది కాదు. యాభై రెండేళ్ళ మనిషి, భారీ ఒళ్ళు, ముక్కు మీద కోపం. పరిశోధనాలయం మూడో అంతస్తులో, కిటికీలు లేని ఆ పొడవాటి గదిలో పందొమ్మిదేళ్ళుగా ఆమెదే రాజ్యం. పొద్దున్నే వచ్చి, ఒక్కో పంజరంలో నిన్న పెట్టిన మేత ఎంత మిగిలిందో తూచి పుస్తకంలో ఎక్కించేది. పెట్టింది ఒక గడి, మిగిలింది ఒక గడి. తీసేస్తే తిన్నదెంతో తెలుస్తుంది. ఇంతే పని. ఇంతేనా అని ఎవరైనా అన్నారో, అయిపోయారే!

"ఇంతేనా? రా, నువ్వో నాలుగు రోజులు చెయ్యి. ఐదో రోజుకి నీది కాకిలెక్క కాకపోతే నన్నడుగు!"

ఆడ ఎలుక నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆ రోజు మేత సరిగా ముట్టదు. ఈ సంగతి పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉందట. తూకమక్క అవేమీ చదవలేదు, మిగిలిన మేత చూసి కనిపెట్టింది. "ఏడో పంజరందానికి ఇవాళ ఎద" అని ఆమె అంటే, పరిశోధన చేసే అమ్మాయి గాజుపలక మీద పరీక్ష చేసి చూసేది. నిజమే అయ్యేది. మూడుసార్లు అలా అయ్యాక ఆ అమ్మాయి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది గదిలోకి కొత్త మందు వచ్చింది. అండాశయంలో ఊరే హార్మోనునే కాస్త మార్చి చేసిన మందు. అది ఆకలి తగ్గిస్తుందని పెద్ద డాక్టరుగారి నమ్మకం. గది ఆయనది, మందు ఆయనది, నమ్మకమూ ఆయనదే. ఎనిమిది ఆడ ఎలుకలకు రోజూ మందు సూది, పోల్చి చూడటానికి మరో ఎనిమిదింటికి ఉత్త ఉప్పునీళ్ళ సూది. రెండు నెలలయ్యేసరికి మందు గుంపు రోజుకు నాలుగున్నర గ్రాములు తక్కువ తింటోందని లెక్క తేలింది. ఇంకేముంది, పెద్ద డాక్టరుగారి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎలుకల తర్వాత మనుషులే. ఒళ్ళు తగ్గాలనుకునే ఆడవాళ్ళు నలభైమందికి ఆ సూది ఇచ్చి చూడటానికి అనుమతి కాగితాలు సిద్ధమయ్యాయి.

తూకమక్కకు ఒక్కటి మింగుడుపడలేదు. పంజరాలు శుభ్రం చేసేటప్పుడు ఉప్పునీళ్ళ గుంపు కింద పరిచిన రంపపు పొట్టు చేతికి బరువుగా తగిలేది. ఒకరోజు ఇంట్లోంచి పిండి జల్లెడ తెచ్చి ఆ పొట్టును జల్లించింది. అన్నీ మేత నలుసులు! తడిసినవాటిని ఆరబెట్టి తూచింది. ఒక్క పంజరంలోనే రోజుకు ఐదు గ్రాములు. మందు గుంపు పొట్టులో అర గ్రాముకు మించి లేదు. ఆ రోజు నుంచి పుస్తకంలో స్కేలు పెట్టి మూడో గడి గీసింది. దాని మీద 'నలుసులు' అని రాసింది.

ఎందుకిలా అని వెతికితే కారణం కళ్ళెదుటే ఉంది. మందు గుంపువి పాత పంజరాలు, ఉప్పునీళ్ళ గుంపువి కొత్తవి. కొత్తవాటిలో మేతతొట్టి తీగల మధ్య సందులు వెడల్పు. ఎలుక ఒక కొరుకు కొరికితే కొంత నోట్లోకి, కొంత కిందికి. కింద రాలింది కూడా తిన్నదాని ఖాతాలోకే పోయింది.

"కొత్తవన్నీ ఒక్క గుంపుకే పెట్టావేంటే పిల్లా?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "దూరం నుంచి చూసినా ఏ గుంపేదో తెలుస్తుందని అక్కా. సూదులు మారిపోకుండా ఉంటాయని..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని తిట్టి, ఆ వెంటనే భుజం తట్టింది.

ఇద్దరూ కూర్చుని నలభై రోజుల నలుసులు తీసేసి మళ్ళీ లెక్క కట్టారు. రెండు గుంపులూ తిన్నది పదిహేడేసి గ్రాములు. ఆకలి ఇసుమంత కూడా తగ్గలేదు. పైగా మరొకటి బయటపడింది. ఉప్పునీళ్ళ గుంపులో ఒక్కో ఎలుక మేత నాలుగైదు రోజులకోసారి తగ్గి మళ్ళీ పెరుగుతోంది. మందు గుంపులో ఆ తగ్గుదలే లేదు. రోజూ ఒకటే తిండి.

"ఎద పరీక్షలు అనవసరమని సార్ మాన్పించారక్కా" అంటూ అమ్మాయి ఎనిమిదింటికీ పరీక్ష చేసింది. మర్నాడూ చేసింది, వారమంతా చేసింది. ఒక్కటీ ఎదకు రాలేదు. ఆ మందు ముట్టుకున్నది ఆకలిని కాదు, గర్భాన్ని.

తూకమక్కకు తన సూదులు గుర్తొచ్చాయి. ఇరవై ఆరేళ్ళ కిందట, పెళ్ళయి ఐదేళ్ళయినా కడుపు పండలేదని ఆసుపత్రిలో ఆమెకూ హార్మోను సూదులు పొడిచారు. ఏడాదిన్నర పొడిచారు. బిడ్డ రాలేదు, ఆకలి వచ్చింది. మామూలు ఆకలా అది! తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ పేగులు అరిచేవి. పద్దెనిమిది కిలోలు పెరిగింది. సూదుల వల్లేమో డాక్టరుగారూ అని అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా చీటీలో ఒక ముక్క రాశాడు: 'రోగికి నోటి అదుపు లేదు.' ఏం తింటున్నావని అడగలేదు, ఎంత తింటున్నావని తూచలేదు. రాసి పారేశాడు! ఆ ముక్క పట్టుకుని అత్త తిట్టింది, ఆడపడుచు తిట్టింది. చివరికి తనను తనే తిట్టుకుంది, కొన్నేళ్ళపాటు.

మర్నాడు పుస్తకం తీసుకెళ్ళి పెద్ద డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన రెండు పేజీలు తిప్పి కళ్ళజోడు తీశాడు.

"ఈ మూడో గడి ఎవరు గీయమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. రాలాయి, తూచాను."

"ఎల్లుండి అనుమతి ఇచ్చే కమిటీవాళ్ళు వస్తున్నారు. ఈ చెత్త తూకాలు వాళ్ళకెందుకమ్మా? కొత్త పుస్తకంలో రెండు గడులే ఎక్కించి ఇవ్వు. వచ్చే నెల నీ ఉద్యోగం పొడిగించే కాగితం మీద సంతకం నేనే పెట్టాలి. గుర్తుందిగా?"

గుర్తులేకేం! ఇంటికొచ్చి ఆ మాటే మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, గొడవలంటే ఆమడ దూరం ఉండే మనిషి. అంతా విని చెంబెడు నీళ్ళు తాగాడు.

"ఏమే, తాడో పేడో తేల్చుకునేటట్టే ఉన్నావ్?"

"తేల్చుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ, ఆ గడి మాత్రం పోనివ్వను."

"సరే కానీ. నేను బండి తోలినన్నాళ్ళు ఇల్లు గడవకపోదు. ఇంటికొచ్చాక నన్ను తిట్టడానికి కాస్త గొంతు మిగుల్చుకో, చాలు."

కమిటీలో ముగ్గురు. తల నెరిసిన డాక్టరమ్మ వాళ్ళకు పెద్ద. పెద్ద డాక్టరుగారు గోడ మీద బొమ్మలు వేసి నాలుగున్నర గ్రాముల ముచ్చట చెబుతుండగా తలుపు తోసుకుని తూకమక్క లోపలికి వచ్చింది. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో జల్లెడ.

"ఇందులో ఒక గడి లేకుండా చేయమన్నారు సార్. నా చేత్తో చేయను. మీరే కొట్టేయండి."

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "ఇక్కడేం జరుగుతోందో తెలుసా నీకు? బయటికి నడు!"

"నడుస్తాను. ముందు ఆ పని కానివ్వండి. నేను చేరిన మొదటి రోజు మీరే నేర్పారు. ఈ గదిలో రాసింది చెరపకూడదు, చింపకూడదు. తప్పయితే, కింద అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. ఇదిగో పుస్తకం, ఇదిగో పెన్ను." పెన్ను ఆయన ముందుకు తోసింది. "లేకపోతే రేపేమవుతుందో చెప్పనా? నలభైమంది ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోతుంది. ఒళ్ళు మాత్రం తగ్గదు. తగ్గలేదు సార్ అని వాళ్ళంటే, నోటి అదుపు లేదని రాసేస్తారు. ఆ రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు!"

పెద్ద డాక్టరుగారు పెన్ను అందుకున్నాడు. మూడో గడి మీదికి తెచ్చాడు.

"కారణం ఏమని రాస్తారు?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

పెన్ను కాగితానికి తగలనేలేదు. ఆయన దానికి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. డాక్టరమ్మ పుస్తకం తన ముందుకు లాక్కుని, "ఆ జల్లెడ కూడా ఇలా ఇవ్వమ్మా" అంది.

రెండు గుంపుల పంజరాలూ అటువి ఇటు మార్చి పది రోజులు చూడమన్నారు. చూశారు. మందు గుంపు కొత్త పంజరాల్లోకి వెళ్ళీ వెళ్ళగానే ఎక్కువ తింటున్నట్టు కనబడసాగింది. మనుషులకు సూది ఇచ్చే అనుమతి ఆగిపోయింది.

తూకమక్క ఉద్యోగం పొడిగించారు, కానీ కింది అంతస్తులో, పంజరాలు కడిగే గదికి మార్చారు. కాగితం ఇస్తూ పెద్ద డాక్టరుగారు ఆమె మొహం చూడలేదు. "ఎక్కడికి పంపినా కళ్ళు నాతోనే వస్తాయిగా సార్" అని ఆమే చెప్పి వచ్చింది. జల్లెడను ఎలుకల గదిలోనే మేకుకు తగిలించి, తర్వాత తూకం వేసే మనిషికి ఎలా జల్లించాలో రెండు రోజులు దగ్గరుండి నేర్పింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇనప్పెట్టె తెరిచింది. అడుగున మడతలు చిరిగిపోతున్న ఆసుపత్రి చీటీ ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, 'రోగికి నోటి అదుపు లేదు' అన్న ముక్క మీద ఒక్క గీత గీసింది. కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. పక్కన కారణం రాసింది: 'తూచలేదు.' దాని కింద ఆ రోజు తేదీ వేసి, ఎవరూ పిలవని తన అసలు పేరుతో సంతకం పెట్టింది.