ఫ్లూగా వీపున థోర్లాకుర్ స్వెట్టర్

మా లోయలో రన్‌వేగ్ వండే మాంసం సూప్‌కు పెద్ద పేరు. ఆ పేరు వింటేనే ఆవిడకు ఒళ్ళు మంట. ఏటా సెప్టెంబరులో, వేసవంతా పైన మేసిన గొర్రెలను కొండ దింపడానికి ఊరంతా గుర్రాలెక్కి పోతే, తను మాత్రం కింద గరిటె పట్టుకుని నిలబడాలి. ఈ ఏడు తన చేతుల మీద పుట్టిన ఫ్లూగాను ఎక్కి కొండకు వెళ్ళి తీరతానని పట్టుబట్టింది.

చిక్కల్లా ఫ్లూగాతోనే. నల్లటి ఆడగుర్రం, మహా సుకుమారి. ఈగ వాలినా ఒళ్ళు జలదరిస్తుంది. ఇక జీను వేశారో, వీపు ఎత్తి గెంతుడే గెంతుడు.

కొండ మీద అందరికీ పెద్ద ఏవిందుర్. ఆయన్ను మేం కొండరాజు అంటాం. ఆయన మాటకు అక్కడ తిరుగులేదు.

"చూడు రన్‌వేగ్, శనివారం పొద్దున నా కళ్ళ ముందు గెంతిందా, దిగి సూప్ దగ్గరికి పో. పైన పడితే నిన్నెవడు మోస్తాడు?" అన్నాడు.

"నువ్వే మోద్దువుగాని, రాజువి కదా!"

గుర్రాల సంగతి అంతా తెలిసిన మగాళ్ళం కదా, తలా ఒక సలహా ఇచ్చాం. జీను కింద మెత్త వెయ్యమన్నాం. వేసింది. ఇంకోటి, దాని మీద మరోటి. ఫ్లూగా మరింత ఎగిరి ఆవిడను బురదలో కూర్చోబెట్టింది. బురదతోనే లేచి, జీను దించి ఆవిడ గుర్రం వీపు చూసింది. వీపంతా చెమట, వెన్నుకు కుడిపక్కన మాత్రం అరచేయంత పొడి మచ్చ. ఒత్తిడి పడిన చోట చెమట పట్టదు.

"అయ్యో నా తల్లీ! బిగుతు బూటులో మేజోడు మీద మేజోడు తొడిగామే నీకు!"

మెత్తలన్నీ పీకేసి చేత్తో తడిమితే అసలు సంగతి తేలింది. ఎడమ మూపు వెనక కండ లేక చిన్న గుంట ఉంది. జీను అటు ఒరిగి, కుడివైపు వెన్నును నొక్కుతోంది. ఆ గుంట ఒక్కటీ నింపితే చాలు. దేంతో? మామూలు ఉన్ని అణిగిపోతుంది, గట్టిది గుచ్చుకుంటుంది. శుక్రవారం సాయంత్రమైపోయింది.

అప్పుడే స్నానాలగదిలోంచి భర్త థోర్లాకుర్ కేక పెట్టాడు. కొండకు ఠీవిగా వెళ్దామని తన ఉన్ని స్వెట్టర్ తనే ఉతుక్కున్నాడు మహానుభావుడు. మా కుళాయిల్లో వచ్చేది భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళు. అందులో నానబెట్టి, రుద్ది, బాదాడు. బయటికి తీసేసరికి స్వెట్టర్ బొమ్మకు తొడిగేంత అయింది, రొట్టెలా మందంగా.

"ఏమే, ఇది మళ్ళీ సాగుతుందంటావా?"

రన్‌వేగ్ దాన్ని నొక్కింది. మెత్తగా దిగి మళ్ళీ పైకి లేచింది. "ఓరి నా బంగారం! నీకింత తెలివి ఎప్పుడొచ్చిందయ్యా?" అంటూ మొగుడి బట్టతలను ముద్దుపెట్టుకుని కత్తెర తెచ్చింది.

"అది మా అమ్మ అల్లిందే!"

"మీ అమ్మకి గుర్రాలంటే ప్రాణం. ఊరుకో."

ఆకులాంటి ముక్కలు కత్తిరించి, అంచులు పల్చన చేసి, జీను కింది గుడ్డకు ఎడమవైపు కుట్టేసింది.

శనివారం ఊరంతా దడి దగ్గర చేరింది. స్వెట్టర్ లేని థోర్లాకుర్ సూప్‌కు కాపలా ఉండిపోయాడు. రన్‌వేగ్ జీను పట్టీ బిగించి ఎక్కింది. ఫ్లూగా మెడ తిప్పి ఆవిడను చూసింది, ముక్కు చీదింది, నడిచింది. కాసేపటికి మా గుర్రాలకే చెల్లిన పరుగునడక అందుకుంది. చేతిలో కాఫీ కప్పు ఉన్నా తొణికేది కాదు. కొండ మీదికి చేరాక రన్‌వేగ్ ఎంత నవ్విందంటే, బెదిరిన గొర్రెలు అవతలి గట్టెక్కేశాయి.

"నోరు మూసుకో రన్‌వేగ్! వీటిని దింపడానికొచ్చాం, తరమడానిక్కాదు!" అని అరిచాడు కొండరాజు, తనూ నవ్వాపుకోలేక.

ఆ రాత్రి కొండ మీదే ఉండిపోయాం. మర్నాడు పొద్దున అక్కడి దొడ్లో మేమంతా తాళ్ళు పట్టుకుని ఎవరి గుర్రం వెంట వాళ్ళం పరిగెడుతున్నాం. రన్‌వేగ్ జీను భుజాన వేసుకుని కంచె దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ జీను కంటబడితే దొడ్డి చివరికి పారిపోయిన ఫ్లూగా, మందలోంచి తనే నడిచి వచ్చి, ఆవిడ ముందు పక్కకు తిరిగి నిలబడింది.

రన్‌వేగ్ జీను కింద పడేసి, దాని మెడ కావలించుకుని భోరుమంది.