రెండు పొట్లాలూ తెల్లవే

మా మంజులమ్మ అవ్వ చదివింది రెండో తరగతి. సంతకం పెట్టమంటే కాగితం మీద కోడి కెలికినట్లు ఉంటుంది. అయినా నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏ పని జరగాలో, ఏది ఆగాలో తేల్చింది ఆమే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తేల్చేది ఎల్లమ్మ అని అందరి నమ్మకం.

హోసూరు నుంచి అంచెట్టి పోయే దారిలో ఉంది వాళ్ల ఊరు. పెద్ద పని ఏది మొదలుపెట్టినా ముందు ఎల్లమ్మ గుడిలో పూలు వేసి అడగడం ఆ ఇంటి ఆచారం. ఒక ఆకుపొట్లంలో తెల్ల చామంతి, ఇంకొకదానిలో ఎర్ర చామంతి కట్టి అమ్మ ముందర పెడతారు. ఇంటి పెద్ద కళ్లు మూసుకుని ఒకటి తీస్తాడు. తెల్లది వస్తే చేయమని, ఎర్రది వస్తే వద్దని. రెండో పొట్లం విప్పరు. విప్పితే అమ్మను నమ్మనట్లే. దాన్ని అలాగే బావిలో వేసేస్తారు. పొట్లాలు కట్టడం పెద్ద కోడలి పని. ఆ పెద్ద కోడలు మా అవ్వ.

ఇంటి పెద్ద అవ్వ మొగుడు, అశ్వత్థప్ప తాత. మంచివాడే. ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకునేలోపు బస్సు వెళ్లిపోతుంది, అంతే. పెళ్లయిన ఆరో ఏట ఆయన ఎవరి మాటో విని, బావి పక్క చేను అమ్మేద్దామన్నాడు. ఆ రోజు అవ్వ చాలాసేపు ఆకుల ముందు కూర్చుని, చివరికి రెండు పొట్లాల్లోనూ ఎర్ర పూలే కట్టేసింది. చేను మిగిలింది. పిడుగు పడలేదు, కళ్లు పోలేదు. ఎల్లమ్మ కూడా ఏమీ అనలేదు. తనకు పని తగ్గిందని సంతోషించిందేమో!

అప్పటినుంచి ఏది వచ్చినా అంతే. అలాగని అవ్వ నోటికొచ్చినట్లు తేల్చేది కాదు. వారం రోజులు చేటలో రాగులు చెరుగుతూ అందరి మాటలూ వినేది. తానే పోయి చూసి వచ్చేది. ఆవును కొనాల్సి వస్తే అమ్మేవాళ్ల ఇంటికే పోయి రెండు పూటలు పాలు పితికి చూసింది. ఆ తర్వాతే పొట్లాలు కట్టింది. తాత కళ్లు మూసుకుని తీశాడు.

"చూసినావా, అమ్మ ఎంత బాగా చెప్పిందో!" అని మీసం దువ్వుకున్నాడు.

"అవునవును," అంది అవ్వ, నవ్వు కొంగులో దాచుకుంటూ.

పోయిన ఏడాది అవ్వ తోడికోడలు తిమ్మక్క కొడుకు లోకనాథ్, మామిడి తోపు కొట్టేసి ఆ చోట ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ కప్పి, లోపల క్యాప్సికం పెంచే పాలీహౌస్ కడతానన్నాడు. అవ్వ బాగలూరు దాకా పోయి రెండు పాలీహౌస్‌లు చూసి వచ్చింది. లోకనాథ్ భార్య వినుత బర్గూరు కాలేజీలో చదివిన పిల్ల. ఒక్క మాట అంది.

"పెద్దత్తా, పడమటి వరస చెట్లన్నా వదిలేయండి. గాలి ఆ పక్కనుంచే కదా వచ్చేది."

"ఆ నీడకు పంట యాడ వస్తాది? నువ్వు గమ్మునుండమ్మా," అంది అవ్వ. రెండు పొట్లాల్లోనూ తెల్ల చామంతులు కట్టింది.

తోపు పోయింది, పాలీహౌస్ లేచింది. మొదటి పంట బాగానే వచ్చింది. ఈ ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివాన పడమటినుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. ప్లాస్టిక్ షీటు పక్క ఊరి చింతచెట్టు మీద దొరికింది. ఇనుప పైపులు కొడవళ్లలా వంగిపోయాయి.

మర్నాడు తిమ్మక్క నడింట్లో నిలబడి తేల్చేసింది. "ఎల్లమ్మ తెల్లపూవు ఇచ్చింది. అమ్మ అబద్ధం చెప్పదు. అట్లయితే మైల యాడినుంచి వచ్చింది? దూరంగా ఉండాల్సిన మూడు దినాల్లో ఈ పిల్ల ఆ క్యాప్సికం చెట్ల మధ్యకు పోయింది. నా కండ్లతో చూసినాను. దీన్ని బర్గూరుకు, పుట్టింటికి పంపించేయండి. అమ్మ శాంతించినాక చూస్తాము."

లోకనాథ్ తల వంచుకున్నాడు. ఆటోకు ఫోన్ చేశారు.

అవ్వ నోరు మూసుకుంటే చాలు. విప్పని రెండో పొట్లం బావి అడుగున ఎప్పుడో కుళ్లిపోయింది. కానీ సంచిలో చీరలు సర్దుకుంటున్న వినుత, "నేను అప్పుడే చెప్పినాను కదా" అని ఒక్కసారైనా అనలేదు. అవ్వను పొడిచింది అదే. లేచి పోయి ఆ పిల్ల చేతిలో సంచి లాక్కుంది.

"మైలా లేదు, గియిలా లేదు. ఆ పూవు అమ్మ ఇయ్యలేదు. నేనిచ్చినాను."

"ఏమంటా ఉండావక్కా?" అంది తిమ్మక్క.

"రెండు పొట్లాల్లోనూ తెల్లదే కట్టినాను. పడమటి చెట్లు కొట్టమనింది నేను. ఈ పిల్ల వద్దనింది, నేను వినలేదు. తప్పు నాది. ఎవరినన్నా పంపాలంటే నన్ను పంపండి."

తాత మెల్లగా నోరు తెరిచాడు.

"బావి పక్క చేను?"

"రెండూ ఎర్రవే."

"ఆవు?"

"తెల్లవి."

"నా కంటి ఆపరేషన్?"

"అదీ తెల్లవే. నువ్వు భయపడి ఎగ్గొడతావని."

"నలభై ఏండ్లు కండ్లు మూసుకుని తీసినాను కదే!"

"తెరుచుకుని తీసినా అదే వచ్చేది."

ఆటోను వెనక్కి పంపేశారు. అవ్వకు మాత్రం తేలిగ్గా పోలేదు. తిమ్మక్క నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. గుడి దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడారు. అడిగిన ప్రతివాళ్లకూ అవ్వ ఒకటే చెప్పింది. "అవునమ్మా, నేనే." ఒక్కసారైనా మాట తిప్పలేదు.

ఇంక పొట్లాలు కట్టాల్సింది తిమ్మక్క. పాలీహౌస్ మళ్లీ కట్టాలా వద్దా అన్న రోజు పూల తట్ట ముందు పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చుంది. చేతులు ఆడలేదు. చివరికి తాత, అలవాటు లేని పని చేశాడు. రాగులు చెరుగుతున్న అవ్వనే నేరుగా అడిగాడు.

"ఏం చేద్దామే?"

"వినుతను అడుగు. గాలి సంగతి దానికి తెలుసు."

వినుత బెదిరిపోయింది. "నేనెట్ల చెప్పేది పెద్దత్తా? మళ్లీ చెడిపోతే?"

"చెడిపోతే, 'నేనే చెప్పినాను' అని నువ్వే ఒప్పుకో. నోరు రాదు, కష్టమే. కానీ ఏం చావరులే. నన్ను చూడు."

వినుత పెరట్లోకి పోయి పడమటి పక్క చూసి వచ్చింది. "ఈ ఏడాది వద్దు. పడమటి పక్క సిల్వర్ ఓక్ మొక్కలు నాటుదాము. అవి ఎదిగినాక పల్లపు చేనులో, సగం సైజుకే కడదాము. చెప్పింది నేనే," అంది.

తిమ్మక్క పూల తట్ట వినుత వైపు తోసింది. "వాడిపోతా ఉండాయి. తలలో పెట్టుకో."

తెల్లది వినుత పెట్టుకుంది. ఎర్రది అవ్వ తీసుకుని తన సిగలో తురుముకుంది. తాత భయంగా చూశాడు.

"ఇప్పుడు దేనికి వద్దంటా ఉండావే?"