పసుపు టోపీలు పెట్టుకుని పట్నం చూసిన రోజు

ఆ రోజుల్లో హైదరాబాదు గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. మా ఊరు సురంగల్ నుంచి మొయినాబాద్ దాకా వచ్చి రోడ్డు మీద నిలబడితే చేవెళ్ల వైపు నుంచి ఏదో ఒక బస్సు వచ్చేది. అది నేరుగా మెహిదీపట్నంలో దింపేది. అక్కడి నుంచి గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు బాపుతో ఎన్నోసార్లు వెళ్లాను. అవ్వకు కంటి ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో ఉన్నాను. ఇంకేం కావాలి? బస్టాండు, మార్కెట్టు, దవాఖాన, ఈ మూడూ చూసినవాళ్లు పట్నం మొత్తం చూసినట్టే అనుకునేదాన్ని. చార్మినార్ చూడలేదన్న సంగతి ఎవరైనా అడిగితే తప్ప గుర్తొచ్చేది కాదు. అడిగితే మాత్రం, "అదెప్పుడూ ఆడనే ఉంటది గద" అనేదాన్ని.

నా స్నేహితురాలిది ఇంకో కథ. వాళ్లది కోనసీమ. ఆమె చిన్నప్పుడే వాళ్ల నాన్నగారు కంప్యూటరు ఉద్యోగం మీద ఇటు వచ్చి, మొయినాబాద్ దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. డిగ్రీలో మేమిద్దరం ఒకే బెంచీ. ఎవరితో మాట్లాడినా చివర "అండి" తగిలించేది కాబట్టి మా ఇంట్లో ఆమెకు "అండిపిల్ల" అని పేరు పడింది. (ఒకసారి మా పొలంలో బర్రె అడ్డంగా నిలబడితే "కాస్త జరగండి" అన్నది. బర్రె జరిగింది కూడా. మా అవ్వ ఆ ముచ్చట ఏడాది పాటు చెప్పుకుని నవ్వింది.) ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నా అండిపిల్ల చూసిన హైదరాబాదు అంటే రైల్వే స్టేషనూ, వాళ్ల పెద్దమ్మ ఉండే అపార్ట్‌మెంటూ. సెలవు వస్తే చాలు, వాళ్లు రైలెక్కేవాళ్లు.

డిగ్రీ పరీక్షలు అయిపోయిన వేసవిలో రెండు సంగతులు కలిసొచ్చాయి. వాళ్ల నాన్నగారికి పూణే బదిలీ అయింది. నేనేమో పట్నంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతానని ఇంట్లో మొండికేశాను. అమ్మ సరేనన్నది. బాపు ఔననలేదు, కాదనలేదు. పొద్దున లేచి చామంతి మడి చూసుకుని వచ్చేవాడు, నా వైపు చూసేవాడు, మళ్లీ మడిలోకి వెళ్లిపోయేవాడు. అండిపిల్ల వెళ్లిపోయే లోపు ఇద్దరం కలిసి ఒక్క రోజు పట్నం చూసి వస్తామని అడిగినప్పుడు మాత్రం నోరు తెరిచాడు.

"పోయి రా బిడ్డా. ఒక్క దినం పట్నంల తిరిగి సక్కగ ఇల్లు చేరుతవా, ఆగమైతవా, నేను గూడ చూస్త. గానీ మొకం తెల్వనోళ్ల బండ్లు ఎక్కకు. పొద్దు గూకకముందే ఇంట్ల ఉండాలె."

అంటే ఇది విహారం కాదు, పరీక్ష అన్నమాట. హాస్టలా, ఇల్లా అన్నది ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. ఆ రాత్రి అండిపిల్లకు ఫోన్ చేసి, రేపు ఎక్కడా పొరపాటు జరగకూడదని గంభీరంగా హెచ్చరించాను. "నువ్వున్నావు కదే, నీ ఊరే కదా" అన్నది తను. ఆ మాట వినడానికి చాలా బాగుంది.

మొదట గోల్కొండ. మెహిదీపట్నంలో బస్సు మారి కోట దాకా బాగానే చేరాం. లోపలికి వెళ్లగానే ఒక పెద్ద గుంపు కనిపించింది. అందరూ అరవై దాటినవాళ్లే, అందరి నెత్తి మీదా పసుపు రంగు టోపీలు. ముందు సన్నగా ఉన్న గైడ్ ఒకాయన మూసిన గొడుగు పైకెత్తి పట్టుకుని, ఇక్కడ చప్పట్లు కొడితే అక్కడ కొండ మీద వినిపిస్తుందని చెబుతున్నాడు. మేము గుంపు వెనక నిలబడి విన్నాం. వినడానికి టికెట్టు లేదు కదా. ఆయన చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. తరువాత ఆయన వెనక్కి చూసి, మమ్మల్ని గుంపులో ఎవరి మనవరాళ్లో అనుకున్నాడేమో, ఎండలో టోపీలు ఎందుకు తీసేశారని మమ్మల్నే కోప్పడి, సంచీలోంచి రెండు కొత్త టోపీలు తీసి చేతిలో పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే అండిపిల్ల "థాంక్సండి" అని పెట్టేసుకుంది.

అసలు చిక్కు టోపీతో రాలేదు. గుంపులో టీచరమ్మ అని అందరూ పిలిచే ఒక పెద్దావిడ ఉన్నది. శ్రీకాకుళం వైపు బడిలో పాఠాలు చెప్పి రిటైరయిందట. మెట్లు మొదలవగానే, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు మామూలుది కాదు, నలభై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన చెయ్యి అది. పైదాకా ఎక్కాం. దారిలో ఆగిన ప్రతిచోటా ఆవిడ తన మోకాళ్ల చరిత్ర చెప్పింది. కోట చరిత్ర గైడ్ చెప్పాడు గానీ నాకు మోకాళ్లదే బాగా గుర్తుంది. పైన గాలికి నిలబడి, కింద పరుచుకున్న ఊరంతా చూసి, "మా ఆయనా నేనూ ఎప్పుడూ అనుకునేవాళ్లం, వద్దామని. ఆయనకి కుదర్లేదు" అన్నది. అంతే అన్నది. ఆ తరువాత చెయ్యి విడిపించుకోవడానికి నాకు మనసు రాలేదు. కిందికి దిగాం, గేటు దాటాం, చూస్తే ఎదురుగా బస్సు. చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉన్నది.

మొకం తెలియనివాళ్ల బండి ఎక్కవద్దన్న బాపు మాట సరిగ్గా బస్సు మెట్టు మీద గుర్తొచ్చింది. అండిపిల్లకూ భయం వేసినట్టుంది, టోపీ తీసి చేతిలో పట్టుకుని, మేము ఈ బస్సు వాళ్లం కాదని టీచరమ్మకు నిజం చెప్పేసింది. టీచరమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలీదేటమ్మా? మా ఊరోళ్ల మొహాలు నేను ఎరగనా? టోపీ పెట్టుకుని కూర్చోండి."

ఆ వెంటనే గైడ్‌ని పిలిచి పంచాయితీ కూడా ఆవిడే తేల్చింది. కడుపు నొప్పితో లాడ్జిలోనే ఉండిపోయిన దంపతుల సీట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి చార్మినార్ దాకా మేము రావచ్చు. మేము లోకల్ అని తెలిసి గైడ్ సంతోషపడ్డాడు. "మంచిది, చార్మినార్ కాడ జర మీరు గూడ అందర్ని చూసుకోండి" అన్నాడు. అదేం భాగ్యం, మనదే ఊరు, ఫికర్ లేదు అన్నాను. అండిపిల్ల కిటికీ వైపు తిరిగి నవ్వుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను.

లోకల్ అన్న పేరు ఎంత బరువో చార్మినార్ దగ్గర తెలిసింది. ఒకాయన సికింద్రాబాద్ ఎటువైపు అని అడిగితే నేను ఒక వైపు చూపించాను, అదే క్షణంలో అండిపిల్ల ఇంకో వైపు చూపించింది. ఆయన రెండు వైపులా చూసి, పెద్ద ఊరు కదా అని సర్దుకున్నాడు. ఇంకొకావిడ చేతిలో ముత్యం పెట్టి అసలుదో కాదో చెప్పమన్నది. వెలుతురులో ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, గుండ్రంగానే ఉన్నదని చెప్పాను. ఇక లాడ్ బజార్‌లో ఆడవాళ్లంతా గాజులకు బేరం చేయమని నన్ను ముందుకు తోశారు. నాకు వచ్చిన ఉర్దూ అంతా పూల మార్కెట్టులో నేర్చుకున్నది. దుకాణం ముందు నిలబడి గొంతు సవరించుకుని, గాజులు కిలో ఎంత అని అడిగాను. గడ్డం నెరిసిన దుకాణదారు నన్నూ, నా పసుపు టోపీనీ చూసి, తూకం లేదు బేటీ, చేతులు చూసి ఇస్తాం అన్నాడు, ఒక్క నవ్వు కూడా నవ్వకుండా. ఆ మర్యాదకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. (నవ్వే పని అండిపిల్ల చూసుకుంది. స్తంభం పట్టుకుని నవ్వింది.)

బేరం ముగిసి తిరిగి చూస్తే టీచరమ్మ లేదు.

గాజులు చూపించడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, ఆవిడ చెయ్యి నేనే వదిలాను. దుకాణం లోపల లేదు, బయట లేదు. శుక్రవారం జనం, సందంతా నిండిపోయి ఉన్నది. గైడ్ గొడుగు ఎత్తి అటూ ఇటూ చూశాడు. మిగతా పెద్దవాళ్లు నా వైపు చూశారు, నేను లోకల్ కదా. ఆవిడకు మోకాళ్ల నొప్పి, ఉర్దూ రాదు, ఫోన్ బస్సులో సంచీలో ఉన్నది. ఆ మనిషికి ఈ ఊళ్లో తెలిసిందల్లా నా చెయ్యి ఒక్కటే. బాపు పరీక్ష సంగతి అప్పుడు నిజంగా నా తలలో లేదు. అందరినీ బస్సు దగ్గర ఉండమని గైడ్‌కు చెప్పి మేమిద్దరం సందులోకి దూరాం.

అండిపిల్ల ప్రతి దుకాణం ముందూ ఆగి, "అండీ, పసుపు టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఇటు వచ్చారాండి" అని కోనసీమ తెలుగులో అడిగేది. వాళ్లు ఉర్దూలో ఏదో అనేవాళ్లు. నేను మధ్యలో దూరి నా పూల ఉర్దూలో "పీలీ టోపీ, బుడ్డీ అమ్మా" అనేదాన్ని. నాలుగైదు దుకాణాలు దాటేసరికి ఒకాయన పక్క దుకాణానికి కేకేశాడు, ఆ దుకాణం వాళ్లు ఆ పక్క వాళ్లకు కేకేశారు. పీలీ టోపీ అన్న మాట మాకంటే ముందు సందు చివరిదాకా పోయింది. మేము రొప్పుకుంటూ వెనక పడ్డాం. కాసేపటికి అదే దారిన కబురు వెనక్కి వచ్చింది, దొరికిందని. ఎవరో చెయ్యి ఊపి పక్క గల్లీ చూపించారు.

అది లక్క గాజులు చేసే చిన్న గది. నిప్పుల కుంపటి పక్కన ఒక ముసలామె లక్క మీద అద్దాలు అతుకుతోంది. ఎదురుగా స్టూలు మీద టీచరమ్మ, చేతిలో చాయ్ గ్లాసు, మోకాలికి ఎవరో కట్టిన తడి గుడ్డ. ఒకరు ఉర్దూలో, ఒకరు శ్రీకాకుళం మాటల్లో తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు.

"వచ్చేసారా? కూర్చోండర్రా. జనం తోసేసారు, మోకాలు పట్టేసింది, ఈవిడే తెచ్చి కూర్చోబెట్టింది. ఈవిడకి ఇద్దరు కోడళ్లట. చిన్నది మాట వినదట" అన్నది టీచరమ్మ.

ఆ మాట ఆవిడకు ఎలా అర్థమైందో అడిగే ఓపిక నాకు లేదు. గడప మీద కూలబడి ఏడ్చాను. నన్ను చూసి అండిపిల్ల నవ్వడం మొదలుపెట్టి, సగంలో తనూ ఏడ్చింది. లక్క గాజులామె పని ఆపి మా ఇద్దరికీ చాయ్ తెప్పించింది. తప్పిపోయింది నేనైతే మీకేం వచ్చిందని టీచరమ్మ మందలించింది. బస్సు దగ్గరికి నడిచినంత సేపూ ఆవిడ చెయ్యి నేను వదల్లేదు. ఈసారి పట్టు నాది.

మెహిదీపట్నంలో దిగిపోతామంటే గైడ్ వద్దన్నాడు. ఎలాగూ ఆ దారినే పోతున్నాం, ఊరి బయట గొప్ప గుడి ఉన్నది, కోరుకుంటే వీసా వస్తుంది, అదీ చూద్దురు గానీ అన్నాడు. చిలుకూరు. మా మొయినాబాద్ మండలంలో, మా ఇంటికి ఆటో దూరంలో ఉన్న గుడి. పట్నం చూద్దామని బయలుదేరిన మమ్మల్ని టూరిస్టు బస్సు మా ఊరే చూపించడానికి తీసుకుపోతున్నది. పొద్దు ఉండగానే ఇంటికి చేరతాం, మంచిదే అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం, శనివారం రద్దీ కోసం అక్కడి దుకాణాలకు పూలు వేసేది ఎవరో నాకు గుర్తు రాలేదు.

బస్సు ఆగింది. టీచరమ్మను దింపడానికి నేనే ముందు దిగాను. ఎదురుగా మోపెడ్ మీద చామంతుల మూటలతో బాపు. నెత్తిన పసుపు టోపీతో నేను. వెనక గొడుగు ఎత్తిన గైడ్. అండిపిల్ల మెట్టు మీదే ఆగి "నమస్తే అండి బాబాయిగారు" అన్నది. బాపు బస్సును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"పట్నం జూస్తనని పోయి గీడ దిగినవేంది బిడ్డా?" అన్నాడు. కోపం లేదు గానీ, హాస్టల్ నా కళ్ల ముందే దూరంగా వెళ్లిపోయింది.

నేను టోపీ తీసేలోపే టీచరమ్మ ముందుకొచ్చింది. మీ అమ్మాయా అని అడిగి, జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. గాజులు కిలో లెక్కన అడిగిన సంగతి కూడా దాచలేదు.

"దార్లు రావు, బేరం అసలే రాదు. కానీ నేను కనపడకపోతే బస్సెక్కలేదండి మీ పిల్ల. సందంతా లేపేసింది" అన్నది.

బాపు మోపెడ్‌కు స్టాండు వేశాడు. మూట విప్పి, బస్సులోంచి దిగిన ఆడవాళ్లందరికీ తలా కొన్ని చామంతులు ఇచ్చాడు. టీచరమ్మకు మాత్రం రెండు దోసిళ్లు. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, మోకాళ్లు జాగ్రత్త అని నాకే చెప్పి గుడి వైపు నడిచింది. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. ఊరి పేరైనా అడగలేదన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి అందరం అన్నానికి కూర్చున్నాం. చెయ్యి కడుక్కుని లేస్తూ, నా వైపు చూడకుండా, బాపు అమ్మను అడిగాడు.

"హాస్టల్ల పరుపు వాళ్లే ఇస్తరా, మనమే కొనాల్నా?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను పెరట్లోకి పరుగెత్తి అండిపిల్లకు ఫోన్ చేశాను. ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో తెలియదు, అరగంట మాత్రం మాట్లాడుకున్నాం.

ఆ ఎమ్మెస్సీ వల్లే ఈ ఉద్యోగం, ఈ జీవితం. అండిపిల్ల పూణేలోనే స్థిరపడింది. పోయిన చలికాలం వచ్చినప్పుడు ఇద్దరం కారులో మళ్లీ అవే చోట్లు తిరిగాం. ఫోన్ చెప్పిన చోటల్లా తిరిగాం, ఆపమన్న చోట ఆపాం. ఎవరినీ దారి అడగలేదు. ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. అనుకున్న టైముకు అన్నీ చూసేసి, టాంక్‌బండ్ దగ్గర కారు ఆపి కూర్చున్నాం. అప్పుడు ఇంటి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది, ఎక్కడున్నారమ్మా, తప్పిపోలేదు కదా అని.

లేదు బిడ్డా అన్నాను. ఆ లేదన్న మాటలో కొంచెం దిగులు ధ్వనించినట్టుంది. అండిపిల్ల నా వైపు తిరిగి నవ్వింది.