గురువుగారి హిమాలయం

మా శాంటా క్లారా ఆఫీస్‌లో అందరికంటే సీనియర్ కాబట్టి ఆయన్ని గురువుగారు అనేవాళ్ళం. 1980ల్లో ఆయన ఒక పాత మజిల్ కార్ కొని, సొంత చేతులతో బాగుచేశారు. దాని ఇంజన్ గర్జిస్తే మూడు ఊళ్ళు ఉలిక్కిపడేవి. ఏసీ మాత్రం ముసలి దోమ ఊదినట్టుండేది.

"ఈసారి నా పట్టుచీర చెమటకి తడిసిందా, సోమవారమే బండి అమ్మేస్తాను," అన్నారు వాళ్ళావిడ.

ఆయన ఏసీకి కొత్త కంప్రెసర్ బిగించి, ఫ్రెస్నోలో పెళ్ళికి ఆవిడతోపాటు మమ్మల్నీ ఎక్కించుకున్నారు. నిమిషానికోసారి ఏసీ ముందు అరచెయ్యి పెట్టి, "హిమాలయం!" అనేవారు. నిజంగానే వెనక సీట్లో నా పళ్ళు తబలా వాయించాయి.

ఇంతలో ట్రాఫిక్ ఆగిపోయింది. కొత్త ఏసీ భారానికి పాత ఇంజన్ కాగి, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ఇంజన్ దక్కాలంటే ఒకటే దారి. ఏసీ ఆపి, ఆ వేడిని లోపలికి లాగే హీటర్ పెట్టాలి. బయట సూర్యుడే నీడ వెతుక్కుంటున్నాడు. గురువుగారి చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది, పట్టుచీరను చూసి వెనక్కి వచ్చింది. ముల్లు గీతను ముట్టుకుంది.

ఆవిడే వంగి ఏసీ ఆపి, హీటర్‌ని పూర్తిగా తిప్పేశారు.

"మరి నీ చీర..." అన్నారాయన.

"చీరకి డ్రై క్లీనర్ ఉన్నాడండీ. ఇంజన్ పోతే మీరు మళ్ళీ రెండేళ్ళు గ్యారేజీలో కాపురం పెడతారు. కిటికీలు దించండి!"