వెనక సీటు మనిషి, మా వాల్ట్ గారు

నిన్న సాయంత్రం శాక్రమెంటో నుంచి వాల్ట్ గారి అమ్మాయి కరెన్ ఫోన్ చేసింది. "నాన్న పోయారు" అంది.

ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో ఉన్నాను. కార్ స్టార్ట్ చేయబోయి ఆగిపోయాను.

ఎనభై దాటిన మనిషి. చాలా రోజులుగా ఒంట్లో బాగాలేదు. తెలిసిందే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడ కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా పక్కింటాయన. మా పిల్లల బర్త్‌డేలకి వచ్చినవాళ్ళందరికీ తెలుసు, పులిహోర రెండు ప్లేట్లు లాగించే వాల్ట్ అంకుల్. ఆయన ఎవరో మాత్రం మీలో చాలామందికి తెలియదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఉద్యోగం బ్లాక్‌బర్డ్‌లో. ఆ పొడుగాటి నల్ల గూఢచారి విమానం. ధ్వని కంటే మూడు రెట్లు స్పీడ్. ముందు పైలట్, వెనక ఈయన. కెమెరాలు, రూటు, చెక్‌లిస్ట్ ఈయన పని. వెనక సీటుకి ముందు ఏముందో కనబడదు. పైలట్‌ని నమ్ముకుని కూర్చోవడమే.

మా పరిచయం మాత్రం చిన్న గొడవతో మొదలైంది.

మేం కొత్త కార్ కొన్న రోజు. మా ఆవిడ లావణ్య కార్‌కి బొట్టు పెట్టి, టైర్ల కింద ఇక్కడ దొరికే పసుపుపచ్చ నిమ్మకాయలు పెట్టి, హారతి కోసం లోపలికి వెళ్ళింది. మా డ్రైవ్‌వే పక్కనే వాల్ట్ గారి నిమ్మచెట్టు. తన చెట్టు కాయలే రాలాయనుకున్నారు పాపం. వంగి వంగి నాలుగూ ఏరి, కడిగి, ఇంకో అరడజను కలిపి కవర్లో పెట్టి తెచ్చిచ్చారు. జ్యూస్‌కి బాగుంటాయట!

లావణ్య మొహం చూడాలి. మళ్ళీ పెడదామంటే ముహూర్తం దాటిపోయింది.

మూడు నెలలకి 680 ఫ్రీవే మీద ఓ ట్రక్ నా కార్‌ని పక్కనుంచి గుద్దింది. కార్ గిరగిరా తిరిగి ఆగింది. మణికట్టు విరిగింది, అంతే. కానీ కట్టు విప్పాక కూడా ర్యాంప్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేవాణ్ణి. ఫ్రీవే ఎక్కలేకపోయాను.

ఆఫీసేమో శాంటా క్లారాలో. ఇంకో వారంలో రాకపోతే కుదరదన్నాడు మేనేజర్. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఆ మాటకి అర్థమేంటో మీకు చెప్పక్కర్లేదు.

చూడ్డానికి వచ్చిన వాల్ట్ గారితో లావణ్య ఉండబట్టలేక అనేసింది. "ఆ రోజు మీరు నిమ్మకాయలు తీయకపోతే ఇలా అయ్యేది కాదు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వలేదు. దిష్టి సంగతంతా ఓపిగ్గా అడిగి తెలుసుకుని, "అయితే తప్పు నాదే. రేపు పొద్దున రెడీగా ఉండు" అన్నారు.

మర్నాడు వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. నేను డ్రైవర్‌లా, మీరు దొరలా బాగుండదు, ముందుకి రండి అని బతిమాలాను. వినలేదు. అదే తన సీటన్నారు.

సీట్ బెల్ట్. మిర్రర్. సిగ్నల్. ఒక్కొక్కటే చదివేవారు. నేను "చెక్" అనేదాకా రెండోది చదవరు.

సునోల్ దగ్గర చెమటలు పట్టి ఎగ్జిట్ తీసుకున్నాను. కార్ ఆపేశాను. అప్పుడు చెప్పారు తన కథ.

ఎడారి మీద ట్రైనింగ్ ఫ్లైట్. ఇంజన్ ఆగి విమానం అదుపు తప్పింది. ఈయన రీస్టార్ట్ చెక్‌లిస్ట్ చదువుతుండగానే పైలట్ దూకెయ్యమన్నాడు. సీటుతో సహా బయటికి! ఒంటి మీదున్న వ్యోమగామి లాంటి సూట్ గాలితో ఉబ్బి ప్రాణం కాపాడింది. పారాచూట్‌కి వేలాడుతూ కూడా మిగతా లైన్లు చదువుతూనే ఉన్నారట. పైలట్ "చెక్" అనడేంటని కోపం కూడా వచ్చిందట.

దిగింది గొర్రెల మందలో. ఆ వ్యోమగామి వేషం చూసి గొర్రెలు కాసే ఆవిడ కుక్కని ఉసిగొల్పబోయిందట. పైలట్ కూడా కాస్త దూరంలో క్షేమంగా దిగాడు. నెల తిరక్కుండా ఇద్దరూ మళ్ళీ ఎగిరారు.

"భయం పోయిందా అంకుల్?" అన్నాను.

"లేదు. చెక్‌లిస్ట్ చదువుతుంటే భయపడ్డానికి తీరిక ఉండదు. స్టార్ట్ చెయ్యి."

రెండు వారాలు రోజూ వచ్చారు. నేను పనిచేసినంతసేపూ కింద కేఫ్‌లో పేపర్ చదువుకుంటూ కూర్చునేవారు. మూడో వారం ఒక్కణ్ణే వెళ్ళాను. ఉద్యోగం నిలబడింది. తర్వాత గ్రీన్ కార్డ్, రెండో పాప, అన్నీ ఆయన కళ్ళ ముందే.

పోయిన నెల కరెన్ ఆయన్ని తన దగ్గరికి తీసుకెళ్తానంది. ఆయన నా కార్‌లోనే వస్తానని మంకుపట్టు పట్టారు. వెనక సీట్లో దిండ్లు సర్ది కూర్చోబెట్టాను. బెల్ట్ పెట్టుకుని, ఆయన చదువుతారని ఆగాను.

చదవలేదు.

అద్దంలో చూస్తే నిద్రపోతున్నారు. శాక్రమెంటో దాకా లేవలేదు.

ఇంటి ముందు కరెన్ కార్‌లోకి తొంగిచూసి నోరు తెరిచింది. "నాన్న ఎవరి కార్‌లోనూ నిద్రపోరు. నా కార్‌లో కూడా."

నిజం చెప్పాలంటే ఏడుపు రావట్లేదు. తృప్తిగా ఉంది.

వాల్ట్ గారూ, దారి నేను చూసుకుంటాను. మీరు హాయిగా, ప్రశాంతంగా పడుకోండి.